నిలబడే సాక్ష్యం చెప్తానని మొక్కుకొన్యా

ఆ కుర్చీ ఆడనే ఉండనీండి పాస్టరయ్యా, తీయొద్దండి. గోడకు ఆనించి పెట్టండి, గట్టిగా, జరక్కుండా, ఆ అట్ల, చాలు. అది నాకు గాదు, నేను కూర్చోను, దాంతో నాకు కడాన పనుండాది, ఆ పని ఏందో అప్పుడు చెప్తా. మైకు మాత్రం ఇట్ల ఇయ్యండి.

నా ప్రియమైన సహోదరులారా, అక్కచెల్లెండ్లారా, నా పాదాల కింద ఈ తాడిపత్రి బండ సల్లగా తగుల్తాండాది, ఆ సల్లదనం నా కాళ్ళకు తెలుస్తాండాది, అందుకే మొట్టమొదట దేవునికే మహిమ అంటాండా! మీరు ప్రతి ఆదివారం ఈ బండ తొక్కి లోపలికి వస్తారు, మీకు దీంట్లో గొప్ప ఏముండాదో తెలీదు, నాకు తెలుసు!

మా ఊరోళ్ళకు నన్ను గురించి చెప్పే పనిలేదు, యాడికి ఊరి నుంచి, చుట్టుపక్కల నుంచి ఈ కూటానికి వచ్చినోళ్ళ కోసరం చెప్తాండా. నా పేరు రూతమ్మ. బతుకంతా చెనిక్కాయ చేన్లలో కలుపు తీసినా, కాయ పీకినా, ఒలిచినా. నా కొడుకు దానియేలు బండల లారీ తోల్తాడు, బండెక్కితే మళ్ళా ఎప్పుడొస్తాడో వాడికే తెలీదు, ఇంట్లో నేనూ నా కోడలు సునందా ఉంటాం. నా నోరు యట్లాంటిదో మా వీధికంతా తెలుసు, మా అత్త కాళ్ళను దేవుడు ముట్టినాడు గానీ నోటిని మాత్రం ఇంకా ముట్టలేదు అని నా కోడలే అంటాది, అననీలే, దాని మాట గూడా నిజమే.

పోయిన ఎండాకాలం సంగతి. ఆ ఎండలు మీకు చెప్పల్లనా? ఒక్క చినుకు లేదు, గాలి అగ్గి మాదిరి కొడ్తాండె, దుమ్ము లేస్తే ఎదురింటి వాకిలి కనపడకుండె. ఆ దుమ్ములో నాకు దగ్గు పట్టుకొనింది, దగ్గు ఎనకాల జ్వరం, అదే పోతాదిలే అని మిరియాల కషాయం తాగుతాంటి, ఒకనాడు పొద్దున సంగటి గెలుకుతాంటే ఊపిరి లోపలికి పోలేదు, రొమ్ము మీద ఎవురో బండ ఎత్తి పెట్టినట్లయింది, నేను పొయ్యి కాడనే ఒరిగిపోయినా. సునంద కేకలు పెడ్తే నలుగురూ వచ్చి ఆటోలో ఏసుకొని తాడిపత్రికి, ఆడ నుంచి అనంతపురం ఆసుపత్రికి తీసకపోయినారు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందన్యారు, మూతికి మాస్కు తగిలించినారు, చేతికి సూదులు, నాకు దినం ఏదో పొద్దు ఏదో తెలీకుండా పోయింది.

ఒక మధ్యాన్నం పక్క మంచంలో ఉండే ముసలామె ప్రాణం పోయింది. ఆమె కూతురు నా మంచం కడ్డీ పట్టుకొని ఏడుస్తాండె. అప్పుడు నాకు భయమైంది సహోదరులారా, నిజం చెప్తాండా, విశ్వాసురాలికి భయం ఉండకూడదంటారు గానీ నాకు ఉండింది. ఆ మాస్కు లోపలనే, నోట్లోనే, ఇట్ల ప్రార్థన చేసుకొన్యా. "ప్రభువా, నన్ను ఇంటికి తోలు. నువ్వు తోలితే మన చర్చిలో అందరి ముందర నా రెండు కాళ్ళ మీద నిలబడి నీ సాక్ష్యం చెప్తా. కూర్చోని చెప్పేది లేదు, ఇంకొకరి మీద ఆనుకొని చెప్పేది లేదు. నిలబడే చెప్తా. ఇది నా మొక్కుబడి." చూడండి, సావు దగ్గరుండి మొక్కుకొనేటప్పుడు గూడా నా మొండితనం పోలేదు!

దేవుడు విన్యాడు. జ్వరం దిగింది, ఊపిరి తిరిగింది, మాస్కు తీసేసినారు, స్తోత్రం! దానియేలు బండి యాడనో ఆపేసి వచ్చి నన్ను ఇంటికి తీసకొచ్చినాడు. కానీ వాకిట్లో ఆటో దిగల్ల కదా, దిగుదామని కాలు కింద పెడ్తే ఆ కాలు నాది గాదు. రెండోది పెట్టినా, అదీ నాది గాదు. కాలిరగలేదు, పక్షవాతం రాలేదు, నొప్పి గూడా లేదు, ఊరికే గుడ్డపీలికల మాదిరి ఏలాడ్తాండాయి. కొడుకు నన్ను చంటిపిల్లను ఎత్తుకొన్నట్లు ఎత్తుకొనిపోయి మంచంలో పడుకోబెట్టినాడు. వాడి చొక్కా పట్టుకొని నేను ఏడ్సినా, వాడూ ఏడ్సినాడు.

ఇంక ఊర్లో మాటలు మీకు తెలుసు కదా. రూతమ్మకు ఎవురో ఏందో చేసినారు అనిరి, కాళ్ళు కట్టేసినారు అనిరి, ఒకామెయితే తాయెత్తు తెస్తానని ఇంటికే వచ్చింది, నా ప్రభువు ఉండగా నాకు తాయెత్తు యాలమ్మా అని పంపించేసినా. కట్టేసిన మాట మాత్రం నిజమే. ఏది కట్టేసిందో అప్పుడు నాకు తెలీదు, చెప్తా వినండి.

ఈడ మరియమ్మక్క సంగతి చెప్పల్ల. అదో, ఆ కిటికీ కింద దిండ్లు ఆనించి కూర్చోబెట్టినారే, ఆమెనే. మన స్త్రీల సమాజానికి పెద్ద, పాట ఎత్తుకొనేది ఆమె, ఎవురింట్లో రోగముండినా ముందు నడిచేది ఆమె. ఆమే నేనూ పక్కపక్క సాళ్ళలో కలుపు తీసినోళ్ళం, ఒకే సద్ది మూట ఇప్పుకొని తిన్నోళ్ళం, కొట్లాడుకొన్నోళ్ళం గూడా. నేను ఇంటికొచ్చిన మరుసటి దినమే మరియమ్మక్క చీర కొంగు దోపుకొని వచ్చింది, అక్కచెల్లెండ్లను పిలిచింది, పొద్దున వీళ్ళు, మధ్యాన్నం వాళ్ళు, సాయంత్రం నేను అని వంతులేసింది. ఏం ప్రేమ సహోదరులారా! చంకల కింద చేతులేసి నన్ను లేపుతారు, కూర్చోబెడ్తారు, బయటికి తీసకపోతారు, స్నానం చేపిస్తారు, ముద్ద కలిపి నోట్లో పెడ్తారు. నీళ్ళ చెంబు కోసరం నేను చెయ్యి చాపితే, వద్దు రూతూ నువ్వు కదలొద్దు అని లాక్కొని వాళ్ళే తాపిస్తారు. నేను రాణి మాదిరి మంచంలో ఉంటి. ఒంట్లో ఉండే కాస్త సత్తువ గూడా ఆ మంచం తాగేస్తాండాదని మా ఎవురికీ తెలీదు.

ఆ వచ్చిన ఆదివారం నన్ను కుర్చీతో సహా ఎత్తి చర్చికి తెచ్చినారు. పాస్టరయ్య మైకు ఇచ్చి సాక్ష్యం చెప్పమ్మా అన్యాడు, నేను మైకు తీసుకోలేదు, మీకు జ్ఞాపకముండాదా? నిలబడి చెప్తానని మొక్కుకొన్యా, కూర్చోని చెప్పను అన్యా. మరియమ్మక్కకు కోపమొచ్చింది, దేవుడు గుండెను చూస్తాడు గానీ కాళ్ళను చూస్తాడా, ఏం ఎచ్చులు నీకు అనింది. ఎచ్చులు గాదక్కా, మాట ఇచ్చినా అంటి. నన్ను మళ్ళా ఎత్తి ఇంటికి తెచ్చినారు. ఆ కుర్చీలో ఊగుతా వస్తా, ఇంక నేను ఎప్పటికీ ఆ మొక్కుబడి చెల్లించలేనేమో అనుకొన్యా, అదే నా బతుకులో నల్లటి దినం.

ఇంక ఫోను సంగతి. ఆసుపత్రి నుంచి పంపించేటప్పుడు డాక్టరు సునందతో ఏందో చెప్పినాడంట, ఇంటికి పోయినాక ఒకమ్మాయి ఫోన్ చేస్తాది, మీ అత్త కాళ్ళు బాగయ్యేదాకా చూసుకుంటాది అని. ఆ హడావుడిలో సునందకు సగమే తలకెక్కింది. ఒకనాడు పొద్దున ఫోనొచ్చింది, రూతమ్మగారి కాళ్ళ కోసం మాట్లాడ్తాండా అని ఆడపిల్ల గొంతు. మనకు అలవాటు ఏముండాది? పాస్టరయ్య ఫోన్‌లో రోగుల కోసరం ప్రార్థన చేసేటప్పుడు, నొప్పి ఉండే తావ ఫోను పెట్టుకోండి అంటాడు కదా. మరియమ్మక్క ఆ ఫోను తీసుకొని టపీమని నా మోకాలి మీద బోర్లా పెట్టింది, అందరం కండ్లు మూసుకొన్యాం, సునంద ముసుగేసుకొనింది. మోకాలి కింద నుంచి గొంతు వస్తాండాది, అవ్వా, నాకేం కనపడ్లేదవ్వా, అంతా చీకటిగా ఉండాది, ఫోను యాడ పెట్టినారు అని. మరియమ్మక్క కండ్లు తెరవకుండానే, పెట్టాల్సిన తావనే పెట్టినాంలేమ్మా, నువ్వు ప్రార్థన మొదలుపెట్టు అనింది!

ఆ పిల్ల నవ్వింది. ఎగతాళి నవ్వు గాదు, మన ఇండ్లలో పిల్లోళ్ళు నవ్వే నవ్వు. అవ్వా, నేను నస్రీన్ను, రోగం తగ్గినోళ్ళ చేత కసరత్తులు చేపించేదాన్ని, ప్రార్థన మీరు చేసుకోండి, నేను కాళ్ళ పని చూస్తా, ముందు ఫోను ఎదురుగా పెట్టండి, నిన్ను నేను చూడల్ల అనింది. నవ్వండి నవ్వండి, మేమూ పొట్ట పట్టుకొని నవ్వినాం, ఆసుపత్రి నుంచి వచ్చినాక నేను నవ్వింది అదే మొదలు!

మా ఇంట్లో ఫోను మోగుతాది, మాట వినపడ్తాది, మొగం సరిగ్గా కనపడేంత సిగ్నలు మాత్రం పశువుల కొట్టం పక్కనే వస్తాది. కాబట్టి నన్ను వాకిట్లోకి తెచ్చి, చేతులుండే ప్లాస్టిక్ కుర్చీ కొట్టం గోడకు ఆనించి కూర్చోబెట్టి, ఎదురుగా బిందె బోర్లించి దానికి ఫోను ఆనించినారు. ఇంకేముంది, పొద్దున్నే ఊరంతా మా వాకిట్లోనే. పాదం పైకి ఎత్తు, కిందికి దించు, మోకాలు సాపు, వంచు. ఏమప్పా, అవ్వ పోలీసు సెలక్షన్లకు పోతాండాదా అని ఒకడు, ఎనుమును కట్టేసి వచ్చి చూస్తా ఇంకొకడు. సెలక్షన్ అయితే మొదట నిన్నే పట్టుకొని స్టేషన్లో ఏస్తాలేరా అన్యా నేను. సిగ్గు పడితే కాళ్ళొస్తాయా?

కొద్దిదినాలకు నస్రీన్, అవ్వా, ఇంక లేసి నిలబడల్ల అనింది. యట్ల లేయల్లనో చెప్పింది. కుర్చీలో ముందుకు జరుగు, పాదాలు ఎనక్కి తీసుకో, ముక్కును మోకాళ్ళ మీదకు తే, అప్పుడు నేలను తొక్కు అని. నేను ముందుకు జరిగినా, ముక్కు తెచ్చినా, తొక్కినా, లేసినా! శభాష్ అవ్వా అని ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. మరుసటి దినం మళ్ళా లేసినా, మళ్ళా శభాష్. నాకు గూడా గొప్ప సంతోషం. మూడోనాడో నాలుగోనాడో నస్రీన్ ఫోను దగ్గరికి మొగం పెట్టి చూసి, అవ్వా, నీకు చేతులు ఎన్నవ్వా అనింది. రెండేలేమ్మా అంటి. మరి ఆ పచ్చగాజులు ఏసుకొన్న మూడో చెయ్యి ఎవురిది అనింది!

మరియమ్మక్కది! ఫోన్‌కు కనపడకుండా కుర్చీ పక్కన కూలబడి, నా చంక కింద చెయ్యేసి ప్రతిసారీ ఆమే ఎత్తుతాండాది. దాంట్లో తప్పుండాదని మాకు తట్టనే లేదు సహోదరులారా, అట్ల పట్టుకోవడమే కదా మేం చిన్నప్పటి నుంచి నేర్చుకొన్న ప్రేమ. మరియమ్మక్క గూడా ఎనక్కి తగ్గలేదు, మోషే చేతులు దించకుండా ఇద్దరు పట్టుకొని నిలబడినారు, యుద్ధం గెలిచినారు, నేను పట్టుకుంటే ఏం తప్పు అనింది. పాపం ఆ పిల్లకు మోషే కథ తెలుసో లేదో, మెత్తగానే చెప్పింది. అవ్వా, ఆసుపత్రిలో పడుకొని పడుకొని ఈ అవ్వ కాళ్ళలో కండ కరిగిపోయింది, కష్టపెడితేనే మళ్ళా వస్తాది, నువ్వు ఎత్తితే కండలు నీకొస్తాయి గానీ ఆమెకు రావు, నువ్వు పక్కనే నిలబడు, చేతులు ఎనక్కి కట్టుకో, ఆమె పడబోతేనే పట్టుకో అనింది.

చేతులు కట్టుకోమన్న మాట మరియమ్మక్కకు గుండెలో గుచ్చుకొనింది. నా చేతులు కట్టేయమనేదానికి నువ్వెవురు అని ఫోన్‌లోనే ఆ పిల్లను తిట్టింది, కొంగు దులుపుకొని పోయింది. ఆమె పోతే మిగిలినోళ్ళూ ఒక్కొక్కరే రావడం మానేసినారు. రూతమ్మ ఫోను మీద విశ్వాసం పెట్టుకొనింది, దేవుని మీద గాదు అన్న మాట గూడా నా చెవిన పడింది. ఆ మాట నన్ను కూల్చేసింది. జ్వరం కంటే, నిమ్ము కంటే, ఆ మాట నన్ను ఎక్కువ కూల్చేసింది. సునందా, ఇంక ఆ ఫోను ఎత్తొద్దు అని చెప్పి గోడ పక్కకు తిరిగి పండుకొన్యా. ఫోను మోగుతాండాది, నిలిచిపోతాండాది, మళ్ళా మోగుతాండాది.

అట్ల పండుకొని ఇంటి రేకులు చూస్తా ప్రార్థన చేసినా. "తండ్రీ, నీ మీద ఆనుకోవడం మేలా, నా కాళ్ళు తొక్కడం మేలా? నేను లేస్తే నిన్ను నమ్మలేదంటాండారు, లేవకుంటే నీకిచ్చిన మాట పోతాది. నాకు చదువు రాదు, నువ్వే చెప్పు." ఆ రేకులు చూస్తాంటే, సువార్తలో ఇంటి పైకప్పు ఇప్పి, పక్షవాతం మనిషిని పడకతో సహా ప్రభువు ముందరికి దించిన ఆ నలుగురు జ్ఞాపకమొచ్చినారు. ఆహా, మా అక్కచెల్లెండ్లు అట్లాంటోళ్ళే, నన్ను మోసి మోసి ప్రభువు కాడికి తెచ్చినారు అనుకొన్యా. అనుకొని, మరి ఇంటికి పోయేటప్పుడు వాన్ని ఎవురు మోసినారు అని అడుక్కొన్యా. ఎవురూ మోయలేదు! వచ్చేటప్పుడు నలుగురు మోసినారు, పోయేటప్పుడు వాడే తన పడక ఎత్తుకొని తన కాళ్ళ మీద పోయినాడు! ప్రభువు ఆ నలుగురిని పిలిచి, మళ్ళా ఎత్తండప్పా అనలేదు, వాన్నే లెయ్యమన్యాడు! చిన్నప్పటి నుంచి ఇన్న కథ, ఆ దినందాకా నాకు సగమే తెలుసు!

సునందా, ఫోను తే అని అరిసినా. పిల్ల భయపడి పరిగెత్తుకొచ్చింది. నస్రీన్‌కు మేమే ఫోన్ చేసినాం. ఆ పిల్ల ఒక్క మాట దెప్పిపొడవలేదు, అవ్వా వచ్చినావా, మూడో చెయ్యి అవ్వ బాగుండాదా అని అడిగింది. అప్పటి నుంచి ప్రతి ఫోన్‌లో అదే అడిగేది, మూడో చెయ్యి అవ్వ బాగుండాదా అని.

ఇంక అసలైన కష్టం అప్పుడు మొదలైంది. ఎవురూ ఎత్తకుంటే నా పిరుదు కుర్చీ నుంచి లేయలేదు. కుర్చీ తగ్గుగా ఉండాది, దుప్పట్లు మడిచి కింద ఏసి ఎత్తు పెంచండి అని నస్రీన్ చెప్పింది. దుప్పటి మీద దుప్పటి ఏసి సునంద నాకు సింహాసనం కట్టింది. ఆ ఎత్తు నుంచి లేయడం వచ్చినాక ఒక దుప్పటి తీసేయమనేది, మళ్ళా నాకు ఏడుపు. వచ్చినాక ఇంకొకటి తీసేయమనేది. ఆ పిల్లను నేను తిట్టినా, నీకు నీ మాదిరే అత్తగారు దొరుకుతాదిలే అని శపించినా గూడా, ఆమె నవ్వేది. నీళ్ళు నింపిన బాటిలు ఎత్తించేది, కిటికీ ఊచలు పట్టుకొని మడమలు లేపించేది. రొంత ఆయాసమొస్తే కూర్చో అనేది, ఎక్కువొస్తే ఇంక ఈ పొద్దుకు చాలు అనేది. కోడిగుడ్డు తిన్యావా, పప్పు తిన్యావా అని అడిగేది. ఉపవాసం ఉంటానంటే వద్దవ్వా, కండ కావల్లంటే కడుపు నిండల్ల అనింది, పాస్టరయ్యను అడిగితే ఆయన గూడా అదే అన్యాడు. సునంద పక్కన నిలబడేది, చేతులు ఎనక్కి కట్టుకొని. దాని కండ్లలో నీళ్ళు కారేవి గానీ చేతులు ఇప్పేది గాదు. అత్త మీద ప్రేమంటే అదీ!

ఒకనాడు పొద్దున కడాపటి దుప్పటి తీసేసినారు. ఉత్త కుర్చీ. లెయ్ అవ్వా అనింది నస్రీన్, అంటానే ఫోను నిలిచిపోయింది, ఆ పిల్ల మొగం నోరు తెరిచి అట్లే ఉండిపోయింది, సిగ్నలు పోయినట్లుండాది. అదే వేళకు ఎనుము పలుపు తెంచుకొని వీధిలోకి పరిగెత్తింది, సునంద దాని ఎనకాల పరిగెత్తింది. వాకిట్లో నేను ఒక్కదాన్నే. పట్టుకొనేటోళ్ళు లేరు, చూసేటోళ్ళు లేరు. లేయొద్దు, సునంద వచ్చేదాకా ఆగు అని బుద్ధి చెప్తాండాది. గోడ ఎనకాల ఉండాది, కుర్చీ చేతులు రెండు పక్కలా ఉండాయి, నా లోపల మాత్రం ఒక ధైర్యం వచ్చింది సహోదరులారా, అది నాది గాదు, ఆయనది! "ప్రభువా, నువ్వు పక్కనే ఉండాలే. పడితే పట్టుకో." ఇంతే ప్రార్థన. ముందుకు జరిగినా, పాదాలు ఎనక్కి తీసినా, ముక్కు మోకాళ్ళ మీదకు తెచ్చినా, నేలను తొక్కినా.

నేల నన్ను ఎత్తింది. నిలబడినా! మోకాళ్ళు గడగడ వణుకుతాండాయి గానీ నిలబడినా! కొట్టం రేకు అంచు నా కండ్లకు సమంగా వచ్చింది, ఎదుటి గోడ అవతల యండిన చేను కనపడింది, ఎన్ని దినాలకు ఆ చేను చూసినా నేను! అప్పుడు ఫోన్‌లో ప్రాణం వచ్చింది, నస్రీన్ అరుస్తాండాది, అవ్వా, అవ్వా యాడపోయినావు, కుర్చీలో నీ మొగం కనపడ్లేదు, పడిపోయినావా అవ్వా, సునందక్కా అని. పిల్ల గొంతు ఏడుపుకు వచ్చేసింది. ఫోను బిందె ఎత్తే కదా, దానికి నా చీర కుచ్చిళ్ళు మాత్రమే కనపడ్తాండాయి. పైన చూడు పిల్లా, పైన ఉండా నేను అన్యా! ఆ పిల్ల అనంతపురంలో ఏడ్సింది, నేను ఈడ ఏడ్సినా, ఎనుమును పట్టుకొని వచ్చిన సునంద పలుపు ఇడిసిపెట్టేసి ఏడ్సింది, ఎనుము మళ్ళా పాయె! దేవునికే మహిమ! దేవునికే మహిమ!

నడక వచ్చినాక, కర్ర పట్టుకొని, సునంద పక్కన నడుస్తాంటే, నేను మొదట పోయిన ఇల్లు మరియమ్మక్కది. ఆమె వాకిట్లో చింతపండు గింజలు తీస్తాండాది, తలెత్తి నన్ను చూసింది, చేతిలోది కింద పడేసింది. అక్కా, మీరు మోయకుంటే నేను ప్రభువు కాడికి చేరేదాన్నే గాదు, మోసినదానికి నీ కాళ్ళు మొక్కినా తక్కువే, ఇంటికి పోయేటప్పుడు మాత్రం నేనే నడవల్ల కదక్కా అన్యా. ఆ నలుగురి కథ చెప్పినా. ఆమె లోపలికి పోయి వేడివేడి సంగటి, చెనిక్కాయ చట్నీ తెచ్చింది, కలిపి నోట్లో పెట్టబోయి ఆగింది, ఆగి గిన్నె నా చేతికిచ్చింది. దానికి మించిన మాట ఏముండాది?

అప్పుడే ఈడికొచ్చి సాక్ష్యం చెప్పేదాన్ని. ఆ వారమే మరియమ్మక్కకు విషజ్వరం వచ్చింది, ఆసుపత్రిలో పెట్టినారు. ఆమె లేకుండా చెప్పను అని పాస్టరయ్యతో అన్యా. మొన్న ఇంటికొచ్చింది. జ్వరం పోయింది, డాక్టరు లేపి నడిపించమని చెప్పి పంపినాడు, నేను పక్కనే ఉండి విన్యా. ఈమె మాత్రం మంచం దిగదు. నా కాళ్ళ పని అయిపోయింది రూతూ, నువ్వు మొండిదానివి లేసినావు, నేను లేయలేను అంటాది. నస్రీన్‌తో మాట్లాడు అంటే, ఆ పిల్లను తిట్టినా, ఏ మొగం పెట్టుకొని మాట్లాడల్ల అంటాది. ఇయ్యాల నేను సాక్ష్యం చెప్తాండానని ఇద్దరు ఎత్తుకొస్తే వచ్చింది.

అక్కా, నిన్న గూడా ఆ పిల్ల నీ గురించే అడిగింది. మూడో చెయ్యి అవ్వ ఇంటికొచ్చిందంట కదా, ఫోను యాడ పెట్టుకోవల్లనో ఇప్పుడు ఆమెకు తెలుసు కదా అనింది, నవ్వింది. తిట్లు ఆ పిల్లకు జ్ఞాపకం లేవు, నీ పచ్చగాజులే జ్ఞాపకముండాయి.

ఇప్పుడు ఆ కుర్చీ పని. సునందా, నువ్వూ ఆ పక్కనుండే చెల్లెలూ మరియమ్మక్కను ఎత్తుకొని రాండి. మోయండి, మోసేది మీ పని, ఆ నలుగురి మాదిరి మోసి తెచ్చి ఈ కుర్చీలో పెట్టండి. మెల్లగా. ఆ. ఇప్పుడు చేతులు తీసేయండి. పక్కనే నిలబడి, ఎనక్కి కట్టుకోండి. కట్టుకోండి మ్యా! అక్కా, నా మొగం చూడు, వాళ్ళను చూడొద్దు. ఏడ్సొద్దు, ఏడ్సినా ఫరవాలేదు, ముందుకు జరుగు. పాదాలు ఎనక్కి తీసుకో. ముక్కు మోకాళ్ళ మీదకు తే. సంఘమంతా కండ్లు మూసుకోవద్దండి, తెరిచి చూడండి, ఈ ప్రార్థన కండ్లు తెరిచి చేయల్ల. "ప్రభువా, నా చెల్లెలి పక్కన నిలబడినట్లే నా పక్కన నిలబడు అని మా అక్క గుండెలో అడుగుతాండాది, నువ్వు వింటాండావు, ఆమెన్." ఇప్పుడు నేలను తొక్కు అక్కా!

లేసింది! చూసినారా? కుర్చీకి ఆమెకు మధ్యన బెత్తెడు సందు వచ్చింది, కిటికీ ఎలుతురు దాంట్లోంచి కనపడింది, మళ్ళా కూర్చునింది. చాలక్కా, చాలు! మొదటి దినం నాది అంత గూడా లేదు! రేపు పొద్దున మీ వాకిట్లో బిందె బోర్లించి ఫోను ఆనించేది నేనే.

సహోదరులారా, మీలో ఎవురి ఇంట్లో అయినా మంచానికి అంటుకుపోయినోళ్ళు ఉంటే, ఆసుపత్రి నుంచి ప్రాణంతో వచ్చి గూడా బతుకు అయిపోయిందని అనుకొనేటోళ్ళు ఉంటే, వాళ్ళతో చెప్పండి, ప్రాణం ఇచ్చిన దేవుడు కాళ్ళను మరిచిపోలేదు. ఆయన్ను నమ్మండి, డాక్టరు చెప్పింది వినండి, ఆయన పంపించే మనిషి ఏ ఊరిదైనా, ఏ మతం పిల్ల అయినా, ఫోన్‌లో వచ్చినా కొట్టంలో వచ్చినా తోసేయొద్దండి. నా మొక్కుబడి తీరింది, ఒకరి మీద ఆనుకోకుండా, నా రెండు కాళ్ళ మీద నిలబడి చెప్పినా, నన్ను నిలబెట్టిన యేసయ్యకు నా బతుకంతా స్తోత్రం.

ఇంక మోకాళ్ళు నొప్పి పుడ్తాండాయి, కూర్చుంటా. యాడనో గాదు, ఈడనే, మా అక్క కుర్చీ పక్కన, ఈ సల్లటి బండ మీద. ఎవురూ చెయ్యి ఇయ్యొద్దండి, లేసేటప్పుడు నేనే లేస్తా.